కాల్చని కాళ్ళు

పోయిన నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం నేను ల్యాబులో రికార్డులు దిద్దుకుంటుంటే, ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి "రావచ్చాండి?" అంది. మా కాలేజీ పిల్ల కాదు. వేరే కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోందట.

"మా మామ్మ పోయిందండి. మీకు తెలుసంట," అంది.

రాజమండ్రిలో నాకు తెలిసిన మామ్మలు పదిమంది దాకా ఉంటారు. ఏ మామ్మమ్మా అని అడిగాను.

"మటన్ మార్కెట్ దగ్గర మేక కాళ్ళు కాల్చేదండి."

ఆ పిల్లని కూర్చోమనడం కూడా మర్చిపోయాను. తను నిలబడే చెప్పుకుంటూ పోయింది. "ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడికండి. మామ్మ గురించి ఒక పేజీ రాసి చదవమన్నారండి అయ్యగారు. మా మేకపిల్లని మీ పరిశోధనకి ఇచ్చింది కదండీ, అది కూడా రాస్తున్నాను. దాని పేరు దగ్గరే వచ్చిందండి గొడవ. నాన్నేమో చిట్టి అంటాడు, అత్తేమో కాదు బుల్లి అంటది. నేనప్పటికి బాగా చిన్నదాన్ని, నాకు తెలీదు. మీ పుస్తకంలో దాని పేరు అచ్చేశారని మామ్మ ఎప్పుడూ చెప్పేదండి. ఒక్కసారి చూపిస్తే ఫోటో తీసుకుని వెళ్ళిపోతాను."

పుస్తకం ఇంట్లో ఉందమ్మా, శుక్రవారం రా అన్నాను. పుస్తకం నా వీపు వెనక బీరువాలోనే ఉంది.

ఆ మామ్మ చోటు చేపల మార్కెట్ పక్క సందులో, మటన్ కొట్ల వరస చివర. ఒక పొట్టి పీట, ముందు కొబ్బరి డొక్కల మంట, పక్కన నీళ్ళ బకెట్టు, ఒళ్ళో గోనెపట్టా. కొట్లవాళ్ళు తలకాయలు, కాళ్ళు తెచ్చి ముందు పడేస్తే, వాటిని మంటలో తిప్పి తిప్పి కాల్చి, కత్తితో మసి గీకి, పసుపు రాసి కడిగి, కొన్నవాళ్ళ సంచిలో పెట్టేది. తర్వాత్తర్వాత ఆ పని చేసేవాళ్ళందరూ గ్యాసు మంటలకి మారిపోయారు. ఈవిడ మాత్రం డొక్కలు వదల్లేదు. గ్యాసుకి వెంట్రుక కాలుద్ది గాని చర్మానికి రుచి రాదు అనేది. జుట్టు కాలిన వాసన సందు మొదట్లోనే ముక్కుకి తగిలేది. ముక్కు మూసుకుని వచ్చేవాళ్ళని చూసి, "ఇంటికెళ్ళి సూపు తాగేటప్పుడు మూసుకోరు గదా," అని నవ్వేది.

ఎవరినీ బాగున్నారా అని అడిగేది కాదు. "మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగేది. ముప్ఫై నిండని నన్ను కూడా మొదటి రోజు అదే అడిగింది. తన మోకాళ్ళు మాత్రం రోజంతా ఆ పొట్టి పీట మీద మడిచి మడిచి ఎప్పుడో పాడైపోయాయి. లేవాలంటే పక్కనున్న ఇనప స్తంభం పట్టుకుని, "యేసయ్యా" అని ఒకసారి, "ఓరి నాయనో" అని ఒకసారి అంటే గాని లేవలేకపోయేది. రెండో మాటే ఎక్కువ పని చేస్తది బాబూ, అయ్యగారికి చెప్పకండి అనేది.

మన వైపు మోకాళ్ళ నొప్పి అంటే "గుజ్జు అరిగిపోయింది" అంటారు. నేను పుస్తకాల్లో మృదులాస్థి అని చదువుకున్నదీ, ఆవిడ దగ్గరికొచ్చే జనం గుజ్జు అనేదీ ఒకటే. ఆ గుజ్జు మళ్ళీ ఊరుతుందనే నమ్మకంతోనే కాళ్ళ సూపు కాచుకుంటారు. నా పరిశోధన కూడా దాని మీదే. మేక కీలు మీద తెల్లగా నున్నగా ఉండే పొరని పల్చగా చెక్కి, అందులో కణాలని విడదీసి, పళ్ళెంలో పెంచడం. అలా పెరిగింది ఎప్పటికైనా మనిషి మోకాలికి పనికొస్తుందని ఆశ. ఇప్పుడు ఆశ అంటున్నాను గాని, అప్పట్లో నాకు ఆశ కంటే పీహెచ్‌డీ డిగ్రీ తొందరే ఎక్కువ.

మొదటిసారి వెళ్ళి, "పనికిరానివి ఏమైనా ఉంటే ఇస్తారా మామ్మగారూ?" అని అడిగాను. మా ల్యాబు భాషలో అది మర్యాదైన మాటే.

ఆవిడకి అర్థం కాలేదు. "పనికిరానివి అంటే?" అని నిజంగానే బుట్టలోకి తొంగి చూసింది. ఈ రెండూ బాలింతకి. ఇవి రైల్వే గార్డుగారికి, కాలిరిగి మంచం మీదున్నాడు. ఇవి మాస్టారి అమ్మగారికి, ప్రతి బుధవారం. తలకాయ ఆటో అబ్బాయిది. ఒక్కొక్కటీ చేత్తో తట్టి చెప్పింది. చివరికి మంట పక్కన బూడిద చూపించి, "ఇదొక్కటే బాబూ. ఇది కూడా మా కోడలు ఆనప పాదుకి పట్టుకెళ్తది," అంది. ఒక మేక పడ్డాక దాని నాలుగు కాళ్ళూ నాలుగు ఇళ్ళకి నడవాలి అనేది ఆవిడ సిద్ధాంతం. ఒకే ఇంటివాళ్ళు నాలుగూ కావాలంటే ఎంత బతిమాలినా ఇచ్చేది కాదు.

అయినా నాకు ఇచ్చింది. "మందు కనిపెట్టడానికి" అన్నాను కదా, ఆ మాటకి ఇచ్చింది. నాకిచ్చిన కాళ్ళు మాస్టారి అమ్మగారి బుధవారం కాళ్ళని నాకు చాలా రోజులకి గాని తెలియలేదు. "ఆవిడకి చెప్పాను బాబూ, మోకాళ్ళ మందు కోసం అని. సరే, నేను ఉలవచారు తాగుతాలే అంది పాపం." విని ఓహో అనుకున్నాను, అంతే.

నాకు కావలసినవి కాల్చకుండా, చర్మంతో, కీలు కోయకుండా ఉండాలి. మంట తగిలితే కణాలు చచ్చిపోతాయి. ఇది రెండు వారాలు సరిగ్గానే నడిచింది. మూడో వారం వెళ్ళేసరికి ఆవిడ నాకోసం ప్రత్యేకంగా తయారుచేసి పెట్టింది. ఎర్రగా కాల్చి, అద్దంలా గీకి, పసుపు పట్టించి, అరిటాకులో చుట్టి, పైన నాలుగు మిరియాలు కూడా పొట్లం కట్టింది. ఆ రోజు ల్యాబులో ద్రావణాలన్నీ కలిపి ఉంచి వచ్చాను. నాకు ఒళ్ళు మండిపోయింది. సందులో అందరూ వింటుండగా, "మీకెన్నిసార్లు చెప్పాలండీ, బుర్రుందా?" అని అరిచాను. నా తల్లి కంటే పెద్దావిడని.

ఆవిడ పసుపు చేతులు గోనెపట్టాకి తుడుచుకుంది. "రూములో ఒక్కరే ఉంటారు గదా, కాల్చుకోడం రాదేమో, మొహమాటపడి పచ్చివి పట్టుకెళ్తన్నారేమో అనుకున్నాను బాబూ." కొట్టు కుర్రాళ్ళు నవ్వారు. నన్ను చూసి నవ్వారనుకుని ఇంకా మండిపడ్డాను. నేను సైన్సు చేస్తున్నానని చెప్పినా, ఆవిడ రెండు వారాలుగా నేను సూపు కాచుకుంటున్నాననే అనుకుందన్నమాట. మనిషి పస్తులుండి మందు ఎలా కనిపెడతాడు అని ఆవిడ లెక్క.

ఆ తర్వాత వారం, అరిచినందుకు కాస్త సిగ్గుపడే, పక్కన కూర్చుని ఏం చేస్తానో విడమరిచి చెప్పాను. మంట ఆర్పేసి మరీ విన్నది.

"మేక చచ్చిపోయాక దాని గుజ్జు బతికే ఉంటదా?"

"ఉంటుందండీ, త్వరగా తీస్తే."

"మీ పళ్ళెంలో పెరుగుతదా?"

"పెరుగుతుంది."

"ఎన్నాళ్ళు?"

"కొన్ని వారాలు. తర్వాత పారేస్తాం."

ఆవిడ కత్తి వెనక వైపుతో మేక కాలి మీద టిక్కు టిక్కుమని కొట్టింది. ఏదైనా ఆలోచిస్తే అలా కొట్టేది. "చచ్చినదాన్ని బతికిచ్చి, మళ్ళీ చంపుతారా బాబూ! ఒకసారి చచ్చినదానికే నేను ప్రార్థన చేసుకుని ముట్టుకుంటాను." ఈ మాట ల్యాబులో టీ తాగేటప్పుడు చెప్పి అందరినీ నవ్వించాను. ఆవిడ గొంతు కూడా అనుకరించాను. బాగా వచ్చిందన్నారు.

అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలు. ముసలి మేకల కణాలు సరిగ్గా పెరగడం లేదు. పళ్ళెంలో నాలుగు రోజులు బద్ధకంగా పడుండి చచ్చిపోయేవి. పిల్లవైతే పెరుగుతాయి, పిల్లవి సంపాదించు అన్నారు మా గైడుగారు. వెళ్ళి ఆవిడని అడిగాను.

"పాలు మరవని పిల్లని ఎవరు కోస్తారు బాబూ? ఈ సందులో ఎవరూ కొయ్యరు," అంది.

"లేకపోతే నా పని ఆగిపోతుంది మామ్మగారూ. మందు రాదు."

ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట! పిల్ల కీళ్ళు దొరికినా మందు రాదని నాకు అప్పటికే తెలుసు. వచ్చేది డిగ్రీ. ఆవిడ తన మోకాలు ఒకసారి అరచేత్తో రాసుకుంది.

తర్వాత ఆదివారం కాక ఆ పై ఆదివారం, ఆవిడే కబురు పెట్టింది. వెళ్తే, ఒక కొత్త తువ్వాలులో చుట్టి నాలుగు కాళ్ళు ఇచ్చింది. చిన్నవి, నా వేలి కంటే కాస్త లావు, డెక్కలు ఇంకా మెత్తగా ఉన్నాయి. కాల్చలేదు.

"మా ఇంట్లోదే బాబూ. తల్లి పాలియ్యకపోతే సీసా పట్టి పెంచాం. కోత పండక్కి చర్చికి ఇద్దామని మొక్కుకున్నాం. అయ్యగారిని అడిగాను. దేవుడికిచ్చినా, నొప్పులోళ్ళకిచ్చినా ఒకటేనమ్మా అన్నారు."

నాలుగు ఇళ్ళకి నడవాల్సిన కాళ్ళు నాలుగూ ఒకే సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది. కోత పండగలో ఎవరేమిచ్చారో అయ్యగారు పేరుపేరునా చదువుతారు. ఫలానా వారు బస్తా ధాన్యం, ఫలానా వారు కోడిపెట్ట అని. "మీ దగ్గర కూడా అలా చదువుతారా బాబూ?"

"పుస్తకం రాస్తానండి. అందులో ఉంటుంది."

"నా పేరొద్దులెండి. దాని పేరు రాయండి." పేరు చెప్పింది. నేను మర్చిపోతానని మూడుసార్లు చెప్పింది.

ల్యాబుకి వెళ్ళి డబ్బా మీద మార్కరుతో రాశాను: మూడో బ్యాచి, నాలుగో నంబరు. కణాలు అద్భుతంగా పెరిగాయి.

ఇక కాగితం సంగతి చెప్పాలి. జంతువుల మీద పరిశోధన చెయ్యాలంటే ఒక కమిటీ అనుమతి కావాలి. మాంసం కోసం ఎలాగూ కోసిన జంతువులో పారేసే భాగం తెచ్చుకుంటే అక్కర్లేదని మా దగ్గర పద్ధతి. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ పని కోసమే ఏదైనా జంతువుని చంపారా అని. నిజం రాస్తే కమిటీకి వెళ్ళాలి, నెలలు పడుతుంది, అసలు ఒప్పుకోకపోవచ్చు కూడా. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. ఎక్కడి నుంచి తెచ్చారు అన్నచోట, మాంసం దుకాణంలో పారేసిన భాగాలు అని ఇంగ్లీషులో రాశాను. అదే వాక్యం పుస్తకంలోకి ఎక్కింది. చెయ్యి వణకలేదు. వణికిందని రాసుకుంటే బాగుండును గాని, వణకలేదు.

థీసిస్ పుస్తకం బైండయి వచ్చాక కాజాలు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలీదు, గొప్ప కోసమే అయ్యుంటుంది. ఆవిడ చేతులు రెండుసార్లు కడుక్కుని, పుస్తకాన్ని బైబిల్ పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏదీ, దాని పేరు ఎక్కడుంది బాబూ? చదవండి."

తప్పించుకోవడానికి కృతజ్ఞతల పేజీ తీశాను. మా డిపార్టుమెంటు హెడ్డుగారి పేరున్న లైను మీద వేలు పెట్టి, మేకపిల్ల పేరు చదివాను. అప్పటికింకా నాకు ఆ పేరు గుర్తుంది. ఫలానా అనే మేకపిల్లకి కృతజ్ఞతలు అని తెలుగులో, చర్చిలో చదివినంత గట్టిగా చదివాను. ఆవిడ తన వేలు తెచ్చి అదే లైను మీద ఆనించి, "ఇదేనా," అంది. ఇదేనండీ అన్నాను. ఎంత కడుక్కున్నా ఆ వేళ్ళకి పసుపు పోదు. కాగితం మీద మరక పడింది. "అయ్యో, పాడుచేశానా!" అంది. పర్లేదండీ అని పెద్ద మనసు చేసుకున్నాను.

ఆ తర్వాత ఆ సందులోకి వెళ్ళడం మానేశాను. మొదట్లో ఎదురుపడినప్పుడల్లా "మందొచ్చిందా బాబూ?" అని అడిగేది. వస్తుందండీ అనేవాణ్ణి. తర్వాత ముఖం చాటేసి తిరిగాను. ఉద్యోగం వచ్చింది, మటన్ ఇంటికే తెప్పించుకుంటున్నాం. ఒకసారి చేపల కోసం వెళ్తే దూరం నుంచి కనిపించింది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని పీట మీద నుంచి లేపుతున్నారు. స్తంభం ఇక సరిపోవడం లేదన్నమాట. ఆవిడ ఇటు తిరిగేలోపు నేను అటు తిరిగిపోయాను. చేపలు కొనకుండానే ఇంటికొచ్చాను.

శుక్రవారం చెప్పిన టైముకి అమ్మాయి వచ్చింది. మూడు రోజులు పేరు గుర్తు తెచ్చుకోవాలని నానా తంటాలు పడ్డాను. చిట్టి అనుకుంటే చిట్టి అనిపించింది, బుల్లి అనుకుంటే బుల్లి అనిపించింది. పాత నోటుబుక్కులు వెతికితే మూడో బ్యాచి నాలుగో నంబరు ఎన్ని రోజులకి ఎంత పెరిగిందో దశాంశాలతో సహా ఉంది.

పుస్తకం బీరువాలోంచి తీసి చేతికిచ్చాను. ఇంట్లో ఉందన్నారు కదండీ అనలేదు ఆ పిల్ల. చదువుకున్న పిల్ల కాబట్టి నేను చూపించే పని లేకపోయింది. పసుపు మరకున్న పేజీ దానంతటదే తెరుచుకుంది. మరక కింద లైను చదివింది. అక్కడ హెడ్డుగారి పేరుంది. మళ్ళీ చదివింది. పేజీలు తిప్పుకుంటూ వెళ్ళి, మేకలు ఎక్కడి నుంచి తెచ్చానో ఉన్నచోట ఆగింది. పెదాలు కదుపుతూ నెమ్మదిగా తెలుగులోకి మార్చుకుంది.

"పారేసిన భాగాలు... అని ఉందండి." తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు, అర్థంకాని లెక్క అడిగినట్టే అడిగింది. "ఎవరు పారేశారండి?"

"ఎవరూ పారెయ్యలేదమ్మా. నేనలా రాశాను. తప్పు రాశాను."

"మామ్మకి చదివి వినిపించారంట కదండీ?"

"అది కూడా అబద్ధమేనమ్మా. ఇందులో పేరు లేదు. నాకిప్పుడు గుర్తు కూడా లేదు."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. కాసేపు దాని మూల సరిచేస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది. "మామ్మ చాలా గొప్పగా చెప్పుకునేదండి. చర్చిలో అందరికీ తెలుసు," అంది. తర్వాత, నన్నే ఊరడిస్తున్నట్టు, "పోనీలెండి. చిట్టి అనే ఉందని చెప్తాను. నాన్న మాటే. మీరు ఆదివారం రావాలండి, నాన్న రమ్మన్నారు," అని వెళ్ళిపోయింది.

వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల కాగితం చూసి చదివింది, ఎక్కడా తలెత్తలేదు. మామ్మ సీసా పాలు పట్టి పెంచిన చిట్టి అనే మేకపిల్లని మోకాళ్ళ మందు కోసం ఇచ్చింది, దాని పేరు సారు పుస్తకంలో ఉంది అని చదివినప్పుడు మాత్రం గొంతు కాస్త తడబడింది. ఏడుపు వచ్చిందనుకున్నారు అందరూ. అయ్యగారు నావైపు చూసి చెయ్యెత్తారు. జనం కూడా తిరిగి చూశారు. మామ్మ పేరు కూడా ఆ రోజే మొదటిసారి విన్నాను. తన పేరొద్దంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఆవిడ మాట ఈ ఒక్కటైనా నిలబెడదామని.

కూడిక అయ్యాక అందరికీ టీ ఇస్తుంటే ఆ పిల్ల మేనత్త నా దగ్గరికి వచ్చింది. తల్లి పోలికే, అవే వెడల్పాటి చేతులు.

"చిట్టేనాండి?" అంది. "నేను బుల్లి అనుకున్నానండి ఇన్నాళ్ళూ. దానికి సీసా పట్టింది నేనేనండి. మా అమ్మ మార్కెట్టుకెళ్ళిపోతే పొద్దున్నుంచీ నా వెనకే తిరిగేది."

ఆ పిల్ల పది అడుగుల దూరంలో గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. నా జవాబు కోసమే చూస్తోంది. నేను నిజం చెప్తే ఆ పిల్ల చర్చిలో చదివింది అబద్ధమవుతుంది. ఆ అబద్ధం ఎవరిదో నాకు తెలుసు.

"చిట్టేనండి," అన్నాను.

"అచ్చులో ఉన్నాక ఇంకేముందిలెండి," అని ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "నేనే మర్చిపోయుంటాను."

టీ గ్లాసు నా చేతికిచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయింది. అది బుల్లే. పాలు పట్టిన మనిషి పేరు మర్చిపోదు. ఆ మాట అక్కడ అనలేకపోయాను.